గ్లాసుడు మందు

డాక్టర్ వెస్లీ టార్చి వేశాడు. మోతీరాం కంటిపాప ముడుచుకుని ఆవగింజంత ఉంది. టార్చి ఆర్పాడు. నీడలోనూ అది ఆవగింజంతే ఉంది.

"చూసిన్రా? లైటు తీస్తే పెద్దగ కావాలె. అయితలేదు."

డిటెక్టివ్ మంజులత మంచం మీదికి వంగింది. ఆమె గొంతుకు బాన్సువాడలో మైకు అవసరం లేదు. ఎదుటివాడి మాట నేల మీద పడేలోపు దాన్ని పట్టి, మెలితిప్పి, వాడి మీదికే విసరడం ఆమెకు నలభై ఎనిమిదేళ్ల అలవాటు. భయమేసినప్పుడు ఆ మెలికలు ఇంకా ఎక్కువవుతాయి. ఇప్పుడు బాగానే వేస్తోంది.

"పాప ఇంత చిన్నగయిందంటే, ఎవరిదో పాపం గంత పెద్దగుంటది డాక్టర్ సాబ్."

వెస్లీ నవ్వలేదు. రోగి నోటి పక్కనుంచి కారుతున్న నురగను దూదితో తుడిచి, గొంతు తగ్గించాడు.

"నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు తెచ్చిన్రు. నురుగు, చెమట, వణుకుడు. పొలంల పురుగుల మందు ఒంటి మీద పడ్డోళ్లకు గిట్లనే అయితది. కడుపుల ఏం లేదు. మింగలేదు. తోలులకెల్లి ఎక్కింది. బట్టలన్ని ఇప్పిచ్చి, సబ్బు వెట్టి రెండుసార్లు కడిగిపిచ్చిన. సూది మీద సూది. రాత్రికి తేరుకున్నడు. పొద్దున లేచి చాయ్ అడిగిండు."

"మరింకేం?"

"పదింటికి మళ్ల మొదటికొచ్చిండు." వెస్లీ ఒకసారి తలుపు వైపు చూశాడు. "కడిగినంక ఒంట్ల ఉన్నది తగ్గుకుంట పోవాలె. తగ్గుతలేదు, పెరుగుతుంది. ఎవరో ఇంకా ఎక్కిస్తున్నట్టే ఉన్నది. నా వార్డుల, నా కండ్ల ముంగట! నిజామాబాద్ పంపుదమంటే ఈ హాలత్‌ల అంబులెన్స్‌లనే పోతడు. ఎట్ల ఎక్కుతుందో కనుక్కోన్రి మంజులతా. గది ఆగకుంటే పొద్దుమీకేదాక ఉంటడని నేను చెప్పలేను."

మోతీరాం ఛాతీ ఎగిసింది. చాలాసేపు పైనే ఆగిపోయినట్టు ఆగి, గరగరమంటూ కిందికి దిగింది. 

బోధన్ రోడ్డు మీద మధు అనే కుర్రాడికి చిన్న విత్తనాల యూనిట్ ఉంది. పన్నెండు మంది పనివాళ్లు. వడ్ల విత్తనానికి గులాబీ రంగు మందు పట్టించి సంచుల్లో నింపుతారు. మోతీరాం పని ఆ మందు కలిపి వడగట్టడం. నాలుగు నెలల క్రితం దాకా అది చేతికి తగిలితేనే ప్రమాదమైన మందు. సుచరిత అనే ఆమె వచ్చి దాన్ని మార్పించింది. కెమిస్టును పెట్టుకునే స్తోమత లేని చిన్న కంపెనీలకు వెళ్లి, మీ డ్రమ్ములో ఉన్నదేంటో మీకు తెలుసా అని అడిగి, ప్రాణం తియ్యని మందు ఏదో చూపించి, మారేదాకా వెంటపడటమే ఆమె ఉద్యోగం. మట్టిలో పుట్టే మంచి బూజుతో చేసిన పొడి ఇప్పించింది. రంగు మాత్రం పాతదే ఉంచింది. గులాబీగా లేని విత్తనాన్ని ఈ చుట్టుపక్కల ఏ రైతూ ముట్టడు.

అపాయం లేదన్న మందు దగ్గరే మనిషి పడిపోయాడు. ఊరి వేళ్లన్నీ సుచరిత వైపు తిరిగాయి. అందుకే ఆమె ఈ పొద్దున మంజులత తలుపు తట్టింది.

వార్డు బయట బెంచీ మీద మోతీరాం భార్య భీమ్లి ఒదిగి కూర్చుంది. ఆమెదీ అదే యూనిట్‌లో పని. షెడ్డు ఊడ్చి, గిన్నెలూ గుడ్డలూ కడుగుతుంది. ఆమె పక్కన కూర్చోగానే మంజులత గొంతు దానంతటదే సగానికి తగ్గింది.

"నిన్న పొద్దున ఏం తిన్నడు చెల్లె?"

"జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. నేను గూడ గదే తిన్న."

"ఇయ్యాల?"

"చాయ్. దవాఖాన ముంగట డబ్బా కొట్టులకెల్లి తెచ్చిన. సగం ఆయన తాగిండు, సగం నేను."

"రాత్రి ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే. నేనొక్కదాన్నే తలకాడ కూసున్న."

"ఒంటికేమన్న రాసినవా? నూనె, పసరు గిట్ల?"

"డాక్టర్ సారు వద్దన్నడు. ఏం రాయలే." భీమ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది, గడ్డం తుడుచుకుంది. "నువ్వు గూడ గట్లనే అడుగుతున్నవ్ అక్కా. గా ఇన్సూరెన్సు సారు వచ్చి, నీకు నీ మొగనికి కొట్లాటనా, అన్నంల ఏం కలిపినవ్ అన్నడు. కాయితం మీద వేలిముద్ర వెయ్యమన్నడు."

"వేసినవా?"

"లే."

"మంచిగ జేసినవ్. వాళ్లకు వేలు ఇస్తే చెయ్యి దాకా క్లెయిం జేస్తరు."

భీమ్లి మళ్లీ కళ్లు తుడుచుకుంది. చెమట ఆమె మెడ మీదుగా రవికలోకి కారుతోంది. ఏడవనీ అని మంజులత ముఖం పక్కకు తిప్పుకుని, లేచి వెళ్లిపోయింది.

యూనిట్ గేటు లోపల మందు కలిపే షెడ్డు ముందు కుర్చీ వేసుకుని భానుప్రసాద్ కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ ముఖం. షెడ్డుకు నిన్న సాయంత్రమే తన తాళం వేశాడు. సుచరిత ఎండలో నిలబడి ఉంది. యజమాని మధు ముగ్గురికీ చాయ్ తెచ్చి పెట్టాడు. ఎవరూ ముట్టలేదు. ఆ చోట ఏది తాగాలన్నా ధైర్యం కావాలి.

"తాళం తియ్యి సారూ."

"నా ఎంక్వయిరీ అయిపోయింది మేడం. రెండే ముక్కలు. ఒకటి, ఈమె మార్చిన కొత్త మందు. రెండు, వాని పెండ్లాం. రెండింట్ల ఏదో ఒకటి. మూడింటికి రిపోర్టు పోతది."

"రెండు ముక్కలతోని పేకాట గూడ ఆడలేం, నువ్వు కేసు ఆడుతున్నవా? మొదటి ముక్క పారెయ్యి. మందు మార్చింది నాలుగు నెలల కింద. మనిషి పడ్డది నిన్న. అన్ని రోజులు మందు పండుకున్నదా?"

"గదే మందు ఇంక ఎనిమిది యూనిట్లల వాడుతున్నరు," అంది సుచరిత. "ఎవ్వరికి తుమ్ము గూడ రాలే."

"గట్లయితే రెండో ముక్కనే," అన్నాడు భానుప్రసాద్. "పెండ్లాం."

"డాక్టర్ చెప్పిండు, మింగలేదని. తోలులకెల్లి ఎక్కిందట. నువ్వు అన్నంల కలిపిందని రాస్తే, ఆయన కోర్టుల కాదంటడు. అప్పుడు నీ రిపోర్టుల మిగిలేది నీ సంతకమొక్కటే. పేరుల ప్రసాదం వెట్టుకున్నవ్ గని సారూ, ఆ గరీబుదానికి నువ్వు పెట్టేది పంగనామం."

భానుప్రసాద్ ముఖం మీద ఇస్త్రీ కొంచెం నలిగింది. "పది నిమిషాలు. ఏది ముట్టొద్దు."

"ముట్టినోడు ఎట్లున్నడో ఇప్పుడే చూసొచ్చిన. నాకు గంత షోకు లేదు."

తలుపు తెరుచుకుంది. సుచరిత తన సంచిలోంచి రెండు జతల గ్లవ్సులు తీసి, ఒకటి మంజులతకిచ్చి ఒకటి తాను తొడుక్కుంది. చున్నీ ముక్కుకు కట్టుకుని ఇద్దరూ లోపలికి నడిచారు. భానుప్రసాద్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

మధ్యలో నీలం డ్రమ్ము. సగం దాకా గులాబీ నీళ్లు. పక్కన మరో ఖాళీ డ్రమ్ము, దాని మూతి మీద చతురస్రంగా ఒక ఇనప చట్రం. సుచరిత నీలం డ్రమ్ము మీదికి వంగి వాసన చూసి వెనక్కి తగ్గింది.

"నా మందు తడి మట్టి వాసన వస్తది మేడం. పులిసిన పెరుగు లెక్క జర. ఇది..."

"ఎల్లిగడ్డ మాడినట్టున్నది."

"అవును." ఆ వెల్లుల్లి ఘాటుకు సుచరిత కళ్లు పెద్దవయ్యాయి. "గది పాత మందు వాసన."

మంజులత నేల వైపు చూసింది. చట్రం కింద, డ్రమ్ము చుట్టూ, సిమెంటు మీద నల్లగా గుండ్రంగా ఏదో చల్లినట్టుంది. వంగి చూస్తే ఈగలు. వందల ఈగలు, అన్నీ వెల్లకిలా. వాటి మధ్య ఒక బల్లి కూడా వెల్లకిలా పడి ఉంది. నిన్న సాయంత్రం నుంచి తాళం తియ్యని షెడ్డు అది. బల్లి వెనక కాలు ఇంకా కొట్టుకుంటోంది. ఆగింది. మళ్లీ కొట్టుకుంది.

మంజులతకు మోతీరాం ఊపిరి గుర్తొచ్చింది.

"ఈగలు పోయినయంటే ఆగలే ఇంకా..." అంటూ మొదలుపెట్టి, మాట పూర్తి చెయ్యలేకపోయింది.

గోడ వారగా అట్టపెట్టె ఉంది. నిండా రబ్బరు గ్లవ్సులు. పెట్టె మూతికి అడ్డంగా సాలెగూడు, గూట్లో సాలీడు. ఆ మూలకు మాత్రం చావు ఇంకా చేరినట్టు లేదు.

"ఎన్ని జతలు?"

"పన్నెండు. మనిషికొకటి. కొత్త మందు వచ్చినంక అక్కర్లేదని నేనే చెప్పిన. లోపల చెమట పట్టి చేతులు పాసిపోతున్నయని ఏడుస్తుండె అందరు."

మంజులత గబగబా బయటికొచ్చి, కట్టిన చున్నీ లాగేసి, ముందు గాలి పీల్చింది. తరవాత ఆఫీసు గది చుట్టూ తిరిగింది. వెనక పక్క బట్టలారేసే తీగ ఉంది. దాని మీద ఒక జత నల్ల రబ్బరు గ్లవ్సులు, లోపలిది బయటికి తిరగేసి ఉన్నాయి. కొసల నుంచి నీటి బొట్లు ఇంకా రాలుతున్నాయి. ఆమె వాటిని కర్ర ముక్కతో ఎత్తి, ముక్కుకు జానెడు దూరంలో ఆపి, అట్లాగే పట్టుకుని ముందుకు తెచ్చింది.

"తమ్మీ మధూ, పన్నెండు జతల మీద సాలీడు సంసారం జేస్తుంది. ఈ పదమూడో జత మాత్రం ఇయ్యాల తానం జేసింది. ఎవరియి ఇవి?"

మధుకు ముప్ఫై ఉంటాయేమో. తాతల నాటి నుంచి వరీ చెరకూ పండించే ఇల్లు. పొలం పక్కన షెడ్డు వేసి వ్యాపారంలోకి దిగిన మొదటివాడు. మెత్తటి మనిషి, పనివాళ్లను కూడా అన్నా అక్కా అని పిలుస్తాడు.

"నాయే అక్కా. బాత్రూం కడిగిన."

"ఓనర్ బాత్రూం కడుగుడు మంచి గుణమే. మరి బాత్రూంల ఫినాయిల్ పోస్తరు. నువ్వు ఎల్లిగడ్డ పోసినవా? వాసన చూడు."

మధు తల వెనక్కి లాక్కున్నాడు. అది చాలు. గ్లవ్సులు కడిగినవాడికి వాటిని చూసి అంత భయం ఎందుకు?

"మేడం, మా పాలసీదారును మీరు గట్ల..." మళ్లీ కుర్చీలో కూర్చున్న భానుప్రసాద్ లేచాడు.

"కూసో సారూ, నీకు మూడో ముక్క ఇస్తున్న. గీ కాంపౌండుల పన్నెండు మంది ఉత్త చేతులతోని మందుల మునిగిన్రు, అపాయం లేదని చెప్పిన్రు గనక. గా మాట మీద వాళ్లతోని పని జేపిచ్చేటోడు తన చేతికి మాత్రం తొడుగు ఏసుకున్నడు. ఎందుకు? డ్రమ్ముల ఏమున్నదో ఎరికైనోడే తొడుగు ఏసుకుంటడు. వాళ్లకేమో తొడుగు లేదు, చెప్పేతందుకు తోడు లేదు."

మధు ఎవరూ ముట్టని చాయ్ గ్లాసు ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు. 

"గ్లాసుడే అక్కా," అన్నాడు.



"డ్రమ్ముకు గ్లాసుడు. గంతే. సంపాలని కాదు, అమ్మతోడు. పాత మందు డబ్బాలన్ని లారీల ఏసి పంపుమన్నరు సుచరిత మేడం. పంపిన. ఒక్క డబ్బ దాసిన. పోయిన నెల రుద్రూర్ దిక్కు రైతొకడు వచ్చి, నీ విత్తనం పురుగు తిన్నది అని సంచి తెచ్చి నా మొకం మీద గుమ్మరించిండు. ఇంక నలుగురు గట్లొస్తే నా షట్టర్ బందే. మేడం మందు మేడం మందే, కాదంటలేను. దాంట్ల జర పాతది పడితే ధైర్యముంటదని... కూరల ఉప్పు తక్కువైతదేమోనని ఇంత ఏస్తం గద, గట్ల ఏసిన. గీ నెల మొదలువెట్టిన."

"గ్లాసు పోస్తే లాసు రాదనుకున్నవ్," అంది మంజులత. ఎప్పుడూ అయితే తన మాటకు తనే ముందు నవ్వేది.

సుచరిత ఆఫీసు వరండా మెట్టు మీద కూర్చుంది. "ఒక్క మాట నాకు చెప్పకపోతివి మధూ. మోతాదు చూస్తుంటిమి, ఆరబెట్టే తీరు మారుస్తుంటిమి. గా రైతుతోని నేను మాట్లాడుతుంటి. భయమైతుందని చెప్తే అయిపోవు గద."

"చెప్తే గా ఒక్క డబ్బ గూడ తీస్కపోతరని, గదే భయం."

భానుప్రసాద్ అప్పుడే పెన్ను తీశాడు. "ఓనర్ కావాలని కలిపిండు. క్లెయిం క్యాన్సిల్. కేసు క్లోజ్."

"కేసు క్లోజ్ కాలే సారూ, కేసు ఇప్పుడే గొంతు మీదికొచ్చింది." మంజులత గొంతు అసలు పరిమాణానికి పెరిగింది. గేటు బయట పోతున్న ట్రాక్టరు డ్రైవరు తిరిగి చూశాడు. "ఆలోచన జెయ్యి. అందరు గవే నీళ్లల చేతులు వెట్టిన్రు. అందరు బానే ఉన్నరు. మోతీరాం ఒక్కడే ఎందుకు వడ్డడు? సరే, పడ్డడు. రెండుసార్లు సబ్బు వెట్టి కడిగిన్రు. షెడ్డుకు నీ తాళం. దవాఖానల మంచం మీద పండుకున్నోనికి పొద్దున పదింటికి మళ్ల ఎట్ల ఎక్కింది?"

పెన్ను ఆగింది.

"గ్లాసుడు ఎంత సుచరితా? డ్రమ్ముల పోస్తే మనిషి పడేంత ఉంటదా?"

"ఉండదు మేడం. డ్రమ్ము నీళ్లల గ్లాసుడంటే పల్చగయితది. రోజూ ముట్టుకుంటే మెల్లగ దెబ్బతీస్తది గని, ఒక్కసారే గిట్ల..." సుచరిత మధ్యలో ఆగింది. ఆమె చూపు షెడ్డు గుమ్మంలోంచి లోపలి ఇనప చట్రం మీదికి పోయింది. లేచి నిలబడింది. "కరగది. పాత మందు నీళ్లల కరగది మేడం. బురద లెక్క తేలాడుతుంటది. విత్తనాల మీద కొట్టే ముందు బట్టల వడగడ్తరు, మిషన్ మూతి మూసుకుపోవద్దని. నీళ్లు కిందికి పోతయ్. బురద పోదు."

"యాడుంటది?"

"బట్టల. గ్లాసుడుల సగం కన్న ఎక్కువ బట్టలనే ఉంటది. ఇయ్యాల సగం, రేపు సగం, ఎల్లుండి సగం. నెలంత అదే బట్టల వడగడితే..."

చట్రానికి బట్ట లేదు. ఉత్త ఇనుము మాత్రమే ఉంది. ఆ ఖాళీ చతురస్రం వైపు చూస్తూ మంజులత అడిగింది:

"బట్ట ఏది మధూ?"

"ఇదివరకు నెలకోసారి మార్చి కాలవెడుతుంటిమి అక్కా. కొత్త మందు వచ్చినంక ఎందుకు కాలవెట్టుడని... దళసరి కాటన్, మస్తు బట్ట. రంగు గూడ అందంగుంటది. ఉతుక్కుని పనోళ్లు తీస్కపోతరు. మొన్న మోతీరాం అడిగిండు. రుమాల కట్టుకుంటా అన్నడు. తీస్కపొమ్మన్న."

"నేనే చెప్పిన," అంది సుచరిత.  "కాల్చే పని లేదు, ఉతుక్కోవచ్చని ఇక్కడ నిలవడి నేనే చెప్పిన."

రుమాల. ఎండలో పని చేసే మనిషి నెత్తికి చుట్టుకున్న బట్ట. చెమట పట్టిన కొద్దీ బట్టలోది నెత్తిలోకి. మోతీరాం బట్టలన్నీ విప్పించానన్నాడు వెస్లీ. ఒంటి మీది బట్టలు విప్పించాడు. కానీ ఈ పొద్దున మంజులత మంచం మీదికి వంగినప్పుడు...

ఆమెకు కనబడింది. మోతీరాం తల కింద, దిండు బదులు, నాలుగు మడతలు పెట్టిన గులాబీ రంగు తువ్వాలు. మెడ పట్టుకుంటుందని ఎవరో ప్రేమగా పెట్టింది. అతని చెమట దాన్ని తడుపుతూనే ఉంది.

వెంటనే వెస్లీకి ఫోను కొట్టింది. రెండోసారి నంబరు కలిసింది.

"డాక్టర్ సాబ్! తలకింద తువ్వాల! తియ్యున్రి! ఉత్త చేతులతోని ముట్టకున్రి, గ్లవ్సులు ఏసుకొని తియ్యున్రి! నెత్తి మళ్ల కడగున్రి! గదే విషం, గదే!"

అవతల కుర్చీ పడిన చప్పుడు, సిస్టరును పిలిచిన చప్పుడు, పరుగులు. వెస్లీ గొంతు తిరిగి వచ్చేసరికి రొప్పుతోంది.

"తీసిన. సంచిల ఏసి కట్టిన. నెత్తి కడుగుతున్నరు." ఒక్క క్షణం ఆగాడు. "మంజులతా, ఇంకో సంగతి. భీమ్లి గిప్పుడే వరండాల పడిపోయింది. ఆమె కంటిపాపలు గూడ గట్లనే ఉన్నయ్."

కొంగు. కళ్లు, ముక్కు, గడ్డం. మెడ మీదుగా కారిన చెమట. అది ఏడుపు కాదు. మోతీరాం కోసం ఆ బట్ట ఉతికింది భీమ్లి. ఉత్త చేతులతో రుద్ది, పిండి, ఆరేసి, మడతపెట్టి, రాత్రంతా ఆ తల పక్కనే తల పెట్టుకుని కూర్చుంది. భీమ్లికి అలా విషం ఎక్కుతుంటే, అదే బెంచీ మీద కూర్చుని మంజులత రొట్టె గురించి అడిగింది, చాయ్ గురించి అడిగింది, ఏడవనీ అని ముఖం తిప్పుకుంది.

"బతుకుతదా?"

"సూది ఇచ్చిన. ఈమె జల్దిగ దొరికింది, బతకాలె. కాని ఏదో చెప్తుంది, ఊకుంటలేదు. సోనాబాయి, సోనాబాయి అంటుంది. మిగతాదంత వాళ్ల భాషల. నాకు సమజ్ అయితలేదు."

"ఫోను చెవుకాడ వెట్టున్రి."

ఈసారి వినిపించింది ఊపిరి మాత్రమే. తడి ఊపిరి. మంజులత ఫోను స్పీకర్లో పెట్టి అరచేతుల్లో పట్టుకుంది. మిగతా ముగ్గురూ పిలవకుండానే దగ్గరికి జరిగారు.

"చెల్లె, నేను మంజులతను. చెప్పు."

"అక్కా... గా బట్ట... సగమే."

"సగమేంది?"

"చింపిన. సగం ఆయనకు... సగం నా చెల్లెకు. సోనాబాయికి." దగ్గు. "పెద్ద బట్ట గద... గట్టిగుంటది. మెత్తగయితదని నాలుగు నీళ్లల ఉతికిన."

"సోనాబాయి ఏం జేసింది దాన్ని? కట్టుకున్నదా? పరుచుకున్నదా? చెల్లె! భీమ్లీ!"

"ఇయ్యాల తొట్టెల అక్కా... ఇరవయ్యొక్క రోజు... ఆడపిల్ల."

అవతల ఫోను సిస్టరు చేతిలోకి పోయింది.  బట్టతో ఉయ్యాల కట్టి, ఇరవై ఒకటో రోజున బిడ్డను మొదటిసారి అందులో వేసే పండగ. దళసరి బట్ట. గట్టి బట్ట. చంటిపిల్ల తల, వీపు, అరికాళ్లు, అన్నీ దానికే ఆనుకుని ఉంటాయి. ఎండాకాలం, చెమట.

"సోనాబాయిది ఏ తండా?" మంజులత అరిచింది.

"రుద్రూర్ దాటినంక, కాలువ పక్కన తండా," అన్నాడు మధు. అతని గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది. "పోయిన సీజన్ల ఇక్కడ్నే సంచులు కుట్టింది. నంబరున్నది నా దగ్గర."

"పంపు! నువ్వు ఇక్కడ్నే నిలవడు. గేటు మూసి, ఒక్క సంచి బయటికి పోనియ్యకు. పనోళ్లందరికి ఫోను కొట్టు. ఎవరింట్ల ఈ రంగు బట్ట ఉన్నా ముట్టొద్దని చెప్పు, తానం జేసి దవాఖానకు రమ్మను. నువ్వు కలిపినవని చెప్పు. సిగ్గు తర్వాత పడుదువు."

ఆటో ఎక్కడుందా అని ఆమె రోడ్డు వైపు పరిగెత్తబోతుంటే పక్కన కారు తలుపు తెరుచుకుంది. భానుప్రసాద్ స్టీరింగు ముందున్నాడు. రిపోర్టు కాగితాలు అతని కుర్చీ కింద దుమ్ములో పడి ఉన్నాయి.

"ఎక్కు మేడం. రుద్రూర్ దారి నాకెరికే."

సుచరిత వెనక సీట్లోకి దూకింది. కారు గేటు దాటేసరికే మంజులత సోనాబాయి నంబరు నొక్కింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ఎడమ పక్క చెరకు లారీ, కుడి పక్క గేదెలు. భానుప్రసాద్ రెంటి మధ్యలోంచి కారును దూర్చాడు. హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

మూడోసారి ఎత్తారు. ముందు డప్పుల చప్పుడు, ఆడవాళ్ల పాట, గిన్నెల చప్పుడు. ఆ తరవాత ఒక నవ్వు గొంతు.

"హలో, ఎవరు? గట్టిగ మాట్లాడున్రి, ఇక్కడ సప్పుడున్నది!"

"సోనాబాయి! నేను భీమ్లి తరఫున మాట్లాడుతున్న! నీ బిడ్డను తొట్టెల్ల ఏసిన్రా?"

"ఆ, ఏసినమక్కా! గంట దాటింది. అక్క ఇయ్యాల దవాఖానల ఉండి రాకపాయె గని, ఆమె ఇచ్చిన బట్టనే కట్టినం. మస్తున్నది! పొద్దుగాల సంది ఒక్కటే ఏడుపు అక్కా, పాలు తాగది, పండుకోది. తొట్టెల్ల ఏసినంక కొద్దిసేపు ఊగింది, ఇగ ఊకున్నది. నోట్లకెల్లి బుడగలు తీసుకుంట పండుకున్నది, ఎంత మంది పాడినా కదులుతలేదు." పాట ఆగింది. సోనాబాయి గొంతు దగ్గరికి వచ్చింది. "ఎందుకక్కా? లేపమంటవా?"